లచ్చవ్వ చేతికి నచ్చిన ఫోన్

ఈ సాయంత్రం నేనూ నా భార్య లచ్చవ్వా నెట్ ఉండే ఫోన్ కొనడానికి మా మరమగ్గాల ఊళ్ళోని ధామన్కర్ నాకా కూడలిలో మన తెలుగాయన దుకాణానికి వెళ్ళాం. అలాంటి ఫోన్ ఉంటే మెసేజ్‌లూ, మనవరాలి పాటలూ పంపుతానని సూరత్‌లో ఉన్న మా బిడ్డ చెప్పింది. మెసేజ్‌లు నేను చదివి చెప్పగలను. పాటల సంగతే నా దిగులు. ఏళ్ల తరబడి సాంచాల, అదే మరమగ్గాల, మోతలో పనిచేసి లచ్చవ్వకు చెవులు పోయాయి.

దుకాణదారు రెండు ఫోన్లలో పాట పెట్టి ఆవాజ్ పెంచాడు. ఆమెకు వినపడదని నేను చెప్పబోయాను. ఈలోపే లచ్చవ్వ, నడుస్తున్న సాంచా మీద చేయి వేసి చూసినట్టు, ఒక్కో ఫోన్ వెనుక అరచేయి ఆనించింది.

"ఏందవ్వా, చేతితోని వింటవా?" అని నవ్వాడాయన.

ఆమె అతని పెదవులు చూసి మాట అందుకుంది. "అవు బిడ్డా. గది సప్పగున్నది. గిది మంచిగ ఆడుతున్నది, గిదే ఇయ్యి."

ఇంటికి వచ్చాక మనవరాలి పాట వచ్చింది. లచ్చవ్వ ఫోన్‌ను చెంపకు ఆనించుకుంది. "పిల్ల నడుమ నడుమ దమ్ము తీస్కుంటున్నదయ్యా" అంది.

చెవులున్న నేను అది గమనించనే లేదు.

మీరు ఏం చూసి ఫోన్ కొన్నారో చెప్పండి. మా ఇంట్లో ఇక మెసేజ్‌లు నావి, పాటలు ఆమెవి.