బాన్ అక్యూయ్‌లో బాక్సింగ్ డే పుడింగ్

డిసెంబరులో మారిషస్ వెళ్తున్నాం, బీచ్‌లు కాకుండా ఇంకేం చూడొచ్చు అని ఈ బ్లాగు చదివేవాళ్ళు తరచూ అడుగుతుంటారు. బీచ్‌ల సంగతి ఎలాగూ నన్నడిగి లాభం లేదు. ఆ దేశంలో నాలుగేళ్ళు కాపురం చేసి, సముద్రంలో మోకాళ్ళ దాకా కూడా దిగని మనిషిని నేను. నేను చెప్పగలిగింది ఒక్క రోజు ప్రయాణం గురించి మాత్రమే. కాత్ర్ బోర్న్ నుంచి పాంప్లెమూస్ మీదుగా బాన్ అక్యూయ్ అనే పల్లెకు, 1967లో క్రిస్మస్ మర్నాడు వెళ్ళాను. అప్పటికింకా ఆఫీసుల మీద బ్రిటిష్ జెండాయే ఎగురుతోంది. రాబోయే ఏడు అది దిగిపోతుందని మాత్రం అందరికీ తెలుసు.

మా ఆయన అనకాపల్లి నుంచి అక్కడికి తెలుగు మాస్టారుగా వెళ్ళారు, ఆయన వెనకాల నేను. కాత్ర్ బోర్న్‌లో సంతకు దగ్గరగా రెండు గదుల వాటా. పక్క గదిలో అచ్చమ్మక్క ఉండేది. ఆవిడ ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి మన విశాఖ వైపు నుంచే వెళ్ళినవాళ్ళు. భర్త పోయాక, కూతుర్ని పెంచడానికి ఒక ఇంగ్లీషు మేడమ్ ఇంట్లో వంటకు కుదిరింది. వారమంతా మా పక్కన ఉండి, సెలవు దొరికితే బాన్ అక్యూయ్‌లోని సొంతింటికి వెళ్ళేది. క్రిస్మస్ రోజున మా వీధంతా ఒకటే సందడి, మా ఆయనకు ఒకటే జలుబు. నేను గుమ్మంలో మొహం వేలాడేసుకుని కూర్చోవడం చూసి, రాత్రి పని ముగించుకుని వచ్చిన అచ్చమ్మక్క అంది: "చెల్లీ, రేపు బాక్సింగ్ డే. నాకు కొంజే. నువ్వొస్తావు మా లకాజ్‌కి." కొంజే అంటే సెలవు, లకాజ్ అంటే ఇల్లు. వస్తావా అని ఆవిడ అడగలేదు, వస్తావని చెప్పేసింది. జలుబు చేసిన మొగుణ్ణి, మిరియాల చారునూ ఒకచోట పెట్టి నేను బయల్దేరాను.

బాక్సింగ్ డే అంటే కుస్తీ పోటీలేమో అనుకున్నాను, నవ్వకండి. ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళలో క్రిస్మస్ నాడు పనివాళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని వండి వడ్డిస్తారు. మర్నాడు యజమానులు వాళ్ళకు ఒక పెట్టెలో కానుకలు సర్ది ఇచ్చి, ఇంటికి పంపిస్తారు. అచ్చమ్మక్క పెట్టెలో రెండు చీర ముక్కలు, ఒక సబ్బు, బిస్కెట్లు ఉన్నాయి. పెట్టెలో పట్టనిది ఇంకొకటి ఆవిడ ఒళ్ళో ఉంది. గుడ్డలో మూటగట్టిన నల్లటి, గుండ్రటి క్రిస్మస్ పుడింగ్. ఏటా మేడమ్ రెండు చేయించి, ఒకటి ఆవిడకిస్తుందట.

పొద్దున ఏడింటికల్లా పోర్ట్ లూయీ బస్సెక్కాం. ఆ రోజు బస్సులు తక్కువ, జనం ఎక్కువ. రైళ్ళు అప్పటికే తీసేశారు కాబట్టి వేరే దారి లేదు. టిక్కెట్టు సెంట్లలోనే ఉండేది. కండక్టరు ఆ మూటను చూసి, ఇదేంటన్నట్టు, "తాంతీన్, సా కి ఎతే సా? ఫుట్‌బాలా?" అన్నాడు. పెద్ద వయసు ఆడవాళ్ళను అక్కడందరూ తాంతీన్ అంటారు, మన పిన్నిలాగే. అచ్చమ్మక్క తడుముకోకుండా, "నోయెల్ ప్రసాదం. కాలు తగిలిందంటే కళ్ళు పోతాయి" అంది. నోయెల్ అంటే క్రిస్మస్. కుర్రాడు నిజంగానే కాలు వెనక్కి తీసుకున్నాడు.

దారిలో ఆవిడ దొరల ఏడాదంతా నాకు వండి వడ్డించింది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో, వాళ్ళ ఉపవాసాలు మొదలయ్యే ముందు మంగళవారం, గుడ్లూ పాలూ పోసిన దోశెలు. గుడ్ ఫ్రైడే నాడు పైన శిలువ గీసిన తియ్య బన్నులు. ఈస్టరుకు రంగులేసిన గుడ్లు. జూన్‌లో రాణిగారి పుట్టినరోజు, ఆ రోజు తోటలో టీ పార్టీ. నవంబరు అయిదున గడ్డిబొమ్మను తగలబెట్టి టపాకాయలు కాలుస్తారు. "వాళ్ళకీ ఒక నరకాసురుడున్నాడు చెల్లీ. కోటు వేసుకుంటాడు, అంతే." నవంబరు చివర్లో ఒక ఆదివారం మాత్రం ఆవిడకు ప్రాణం. క్రిస్మస్ పుడింగ్‌కు ఎండుద్రాక్షలూ రొట్టెపొడీ చక్కెరా కలిపిన పెద్ద గిన్నెను బల్ల మీద పెడతారు. దొరగారి నుంచి వంటమనిషి దాకా ఇంట్లో ప్రతివాళ్ళూ వచ్చి గరిటె ఒక్కసారి తిప్పి, మనసులో ఒకటి కోరుకోవాలి. కోరిక పైకి చెబితే తీరదట.

"మరి నువ్వేం కోరుకుంటావక్కా?" అన్నాను. చెబితే తీరదని ఇప్పుడే విని కూడా అడిగాను. నా నోరు అంతే. ఆవిడేమో చెప్పనూ చెప్పింది: "ప్రతి ఏడూ ఒకటే. మో ఫ్రేర్ మా ఇంట్లో తినాలి."

ఫ్రేర్ అంటే సోదరుడు. వాళ్ళన్న గురవయ్యగారు ఊరి రామభజనకు పెద్ద. దీపం చుట్టూ తిరుగుతూ ఆయన పాట ఎత్తుకుంటే ఊరంతా అందుకుంటుంది. శనివారాలు తప్పిస్తే చేపలు తినే మనిషే, కానీ గొడ్డుమాంసం పేరెత్తితే చెవులు మూసుకుంటాడు. చెల్లెలు దొరల వంటింట్లో చేరిన రోజు నుంచి ఆమె ఇంట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. క్రిస్మస్ పుడింగ్‌లో పశువు కొవ్వు వేస్తారని ఎవరో ఆయనకు చెప్పారు, అది ఆమె చేత్తో కలిపిందే కదా అని ఆయన లెక్క. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అక్క కూతురు లక్ష్మికి పెళ్ళి కుదిరింది, ఉగాది దాటాక ముహూర్తం. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సినవాడు మేనమామ. లక్ష్మికి ఉన్నది ఒక్కడే మేనమామ. ఆ మాట ఆయన్ని ఈరోజు అడగాలి. అందుకే అక్క ఒళ్ళోని మూటను అన్నిసార్లు సర్దుకుంటోంది.

"నిజంగా కొవ్వు వేస్తావా?"

"నెయ్యి. మొదటి ఏడు నుంచీ నెయ్యే."

"ఆ మాట ఆయనకు చెప్పొచ్చుగా!"

"ఆయన అడగాలి. నా చెల్లి అలా చెయ్యదు అని తెలీదా? అడగనివాడికి నేనెందుకు చెప్తాను? నువ్వూ చెప్పకు." ఒట్టు వేయించుకుంది. ఒట్టు నా చేత వేయించుకోవడం అంత తేలికైన పని కాదు, కానీ ఆ కళ్ళు చూసి వేశాను.

పోర్ట్ లూయీలో ఒకసారి మారాం, పాంప్లెమూస్‌లో మళ్ళీ బస్సు మారాలి. మూడో బస్సుకు టైముంటే పక్కనే ఉన్న తోటలోకి వెళ్ళాం. చెరువులో పళ్ళేలంత తామరాకులు, అంచులు పైకి మడిచి ఉంటాయి. మీరు తీరిగ్గా చూడండి, నేను మాత్రం వాటి మీద ఎంతమందికి భోజనం వడ్డించొచ్చా అని ఆలోచించాను. అక్కడి నుంచి ఫ్లాక్ వైపు బస్సెక్కితే దారంతా చెరకే. కోతలైపోయి కొత్త పిలకలు లేస్తున్నాయి. రోడ్డు పక్కన తురాయి చెట్లు ఎర్రగా విరగబూశాయి, లీచీ పళ్ళు గుత్తులుగా అమ్ముతున్నారు. పది దాటాక బాన్ అక్యూయ్‌లో దిగాం.

రేకుల ఇల్లు, ముందు చిన్న వరండా. బెంచీ మీద గురవయ్యగారు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఏటా ఈరోజు వస్తారట. అరటిపళ్ళు మేనకోడలికిచ్చి, కాసేపు కూర్చుని, వంట పొయ్యి దిగేలోపు వెళ్ళిపోతారట. తెల్లటి పంచె, తెల్లటి మీసం, మెత్తటి గొంతు. నేను తిట్టుకుంటూ వచ్చిన ముసలి మొండిఘటం ఈయనేనా అనిపించింది. "ఇండియా నుంచి వచ్చిన అమ్మాయివా? బాగున్నావా తల్లీ?" అన్నారు. ఆ తెలుగు విని నాకు మా తాతగారు గుర్తొచ్చారు, కోపం సగం దిగిపోయింది.

అచ్చమ్మక్క చేతులు కూడా కడుక్కోకుండా అడిగేసింది. "అన్నా, లక్ష్మి గంప నువ్వు ఎత్తుతావా?"

ఆయన బెంచీ మీద నుంచి లేచారు. "వస్తాను పెళ్ళికి. బయట ఉంటాను. నీ ఇంట తినను కదా చెల్లీ, తినని చేతులతో గంప ఎట్టా ఎత్తను? అది తప్పు." లక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది. నా నాలుక చివర నెయ్యి అన్న మాట ఉడుకుతోంది, ఒట్టు దాన్ని పట్టి ఉంచింది.

సరిగ్గా అప్పుడు గేటు ముందు చిన్న నల్ల కారు ఆగింది. మేడమ్! జనవరిలో ఆవిడ కుటుంబం ఇంగ్లండ్‌కు వెళ్ళిపోతోంది, వీడ్కోలు చెప్పడానికి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురైదుగురు పోగయ్యారు. పుడింగ్‌ను మళ్ళీ ఆవిరి మీద వేడి చేశారు. దాని మీద మంట వెలిగించడం వాళ్ళ ఆచారం. కిటికీలు మూసి, గరిటెలో కాస్త రమ్ము వేడి చేసి, అగ్గిపుల్ల గీసి, అచ్చమ్మక్క దాని మీద పోసింది. నీలి మంట గుప్పున లేచి నల్లటి పుడింగ్ చుట్టూ పాకింది.

దొరల ఇళ్ళలో ఆ మంట చూసి చప్పట్లు కొడతారని తర్వాత మేడమ్ చెప్పింది. ఆ ఇంట్లో మాత్రం పళ్ళెం చేతుల్లోకి తీసుకుని అచ్చమ్మక్క ఒక్కొక్కరి ముందుకూ వచ్చింది, వాళ్ళు చేతులు మంట మీదుగా తిప్పి కళ్ళకు అద్దుకున్నారు. మొదటి ఏడు నుంచీ ఇంతేనట. లక్ష్మి అద్దుకుంది, పొరుగువాళ్ళు అద్దుకున్నారు, నేనూ అద్దుకున్నాను. మేడమ్ కూడా అలవాటైన మనిషిలా అద్దుకుంది. వచ్చిన వరసలోనే పళ్ళెం గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మం అవతల, వచ్చిన మేడమ్ ముందు వెళ్ళిపోతే బాగుండదని ఆగిన గురవయ్యగారు నిలబడి ఉన్నారు. జీవితమంతా దీపం ముందు తిరిగిన మనిషి. ఎదురుగా మంట కనబడగానే ఆయన చేతులు వాటంతటవే లేచి, నీలి మంట మీదుగా వెళ్ళి, కళ్ళను తాకాయి.

"అయ్యో బోందియే!" అని దేవుణ్ణి తలచుకుంది ఒక ముసలావిడ.

ఆయన తన అరచేతులు చూసుకున్నారు. మంట ఆరిపోయింది. హారతి పుచ్చుకున్నవాడు ప్రసాదం కాదనకూడదు, ఈ మాట భజనలో ఊరందరికీ నేర్పింది ఆయనే. కాదంటే ఒక తప్పు, తింటే ఇంకో తప్పు అన్నట్టు ఆయన మొహం ఎర్రబడింది. చివరికి అడిగారు. ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగారు.

"చెల్లీ, దీంట్లో ఏముంది?"

అచ్చమ్మక్క పళ్ళెం దించకుండానే, "నెయ్యి" అంది. ఏం జరుగుతోందని మేడమ్ నన్నడిగితే నేను గబగబా ఇంగ్లీషులో చెప్పాను. ఒట్టు తీరిపోయింది మరి. మేడమ్ చెప్పింది ఆవిడ మాటల్లోనే ఆయనకు తెలుగులో చెప్పాను: మొదటి ఏడు కొవ్వు గిన్నె ముందు మీ చెల్లెలు కదలకుండా నిలబడి ఏడ్చింది. గిన్నె నేనే తీసి బయటపెట్టి, నీకు సరిపడింది వెయ్యి అన్నాను. అప్పటి నుంచీ మా ఇంటి పుడింగ్‌లో నెయ్యే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మా అత్తగారు ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదంది, కారణం మాత్రం నేను చెప్పలేదు.

గురవయ్యగారు గడప దాటి లోపలికి వచ్చారు. "చేతులు కడుక్కోవాలి. నీళ్ళేవి?" అన్నారు.

ఆ ఇంట్లో ఆయన నీళ్ళడగడం అదే మొదలు. లక్ష్మి పరిగెత్తుకెళ్ళి చెంబుతో తెచ్చింది, సగం దారిలోనే ఒలికాయి. ఆయన చాప మీద కూర్చుని తిన్నారు, మళ్ళీ వేయించుకున్నారు. రమ్ము సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అచ్చమ్మక్క గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉంటే, ఆయన మూతి తుడుచుకుని మేనకోడల్ని ఎగాదిగా చూసి అన్నారు: "గంప పెద్దదే కొను చెల్లీ. పిల్ల బాగా బరువెక్కింది."

సాయంత్రం మేడమ్ మమ్మల్ని కార్లో పాంప్లెమూస్ దాకా దించింది, అక్కడి నుంచి ఆఖరి బస్సుల్లో కాత్ర్ బోర్న్ చేరాం. విడిపోయేటప్పుడు ఇంగ్లండ్‌లో నెయ్యి దొరక్కపోతే ఎలా అని మేడమ్ అడిగితే, అక్క వెన్న ఎలా కాచాలో చేతులతో చూపించింది. "వచ్చే నవంబరు గరిటె తిప్పేవాళ్ళు లేరు. కోరుకోవడానికీ ఏం లేదులే" అంది బస్సులో, నా భుజం మీద తల వాల్చి. ఉగాది వెళ్ళాక, కొత్త జెండా కింద, గురవయ్యగారు రొప్పుతూ గంప ఎత్తడం నా కళ్ళారా చూశాను. ఊరు కాని ఊళ్ళో, ఎవరికీ ఏమీ కాని నన్ను ఆ రోజు వాళ్ళు తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. జలుబు చేసిన మా ఆయనకు ఇప్పటికీ నేను రుణపడి ఉన్నాను, ఆయన బాగుండి ఉంటే ఇద్దరం ఇంట్లోనే కూర్చునేవాళ్ళం. తల్చుకున్నప్పుడల్లా అందరికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. మీకు నేనిచ్చే సలహా ఒక్కటే. డిసెంబరు ఇరవై ఆరున అక్కడ ఎవరైనా ఇంటికి పిలిస్తే పొద్దున్నే ఖాళీ కడుపుతో బయల్దేరండి. మంట మీద చేతులు తిప్పి కళ్ళకద్దుకున్నాక ఆకలి లేదంటే వినేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.