ఒకే పేరుతో వచ్చిన రెండు చేతులు

1998. నకిరేకల్‌లో హైవే పక్కన, ఎరువుల దుకాణం పైన మొదటి అంతస్తులో చిన్న రక్తపరీక్షల ల్యాబ్. అందులో నేను టెక్నీషియన్‌ని. వయసు ఇరవై మూడు. పుట్టి పెరిగింది హైదరాబాద్. ముక్కు మీద కోపం, చెవి దగ్గర ఫోన్. మా అక్క హైదరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్. పని తగ్గినప్పుడల్లా నాకు లైన్ కలిపేది. నేను ల్యాబ్ ఫోన్‌కి పొడవాటి వైరు వేయించుకున్నాను. రిసీవర్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, అక్కతో మాట్లాడుతూనే సూది గుచ్చేదాన్ని. ఒక్కసారీ గురి తప్పలేదు. అదే నా గొప్ప అనుకునేదాన్ని.

ఈ పనిలో మేం మనుషుల్ని ముఖాలతో గుర్తుపెట్టుకోం. మోచేతి మడతలో నరం ఎట్లా ఉందో అదే మాకు గుర్తు. కొందరివి పైకి తేలి ఉంటాయి, కొందరివి వేలితో వెతికితే గానీ దొరకవు.

ఆ ఊళ్లో కరెంటుని నమ్మేటట్టు లేదు. అందుకే మా మైక్రోస్కోప్‌కి కింద బల్బు కాదు, గుండ్రటి అద్దం ఉండేది. మధ్యాహ్నం కిటికీలోంచి వచ్చే ఎండని ఆ అద్దంతో పట్టి లోపలికి పంపాలి. ఆకాశంలో మబ్బు కదిలితే, నేను చూస్తున్న రక్తం మీదా నీడ కదిలేది. అట్లా చూస్తూ చూస్తూ ఎక్కడ ఉన్నానో మర్చిపోయేదాన్ని. కింద లారీల హారన్లు ఎక్కడో దూరం ఊళ్లో మోగుతున్నట్టు ఉండేవి.

సైదులు ఆర్టీసీ డ్రైవర్. యాభై దాటిన మనిషి. గుండెపోటు వస్తే హైదరాబాద్‌లో స్టెంట్ వేశారు. స్టెంట్ అంటే, మూసుకుపోతున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నటి లోహపు జాలీ గొట్టం. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా రెండు మందులు రాశారు, ఆస్పిరిన్, టిక్లోపిడిన్. ఆ రోజుల్లో టిక్లోపిడిన్ వాడకం ఎక్కువ. దానితో ఒక చిక్కు ఉంది. ఎవరో కొందరిలో అది తెల్లకణాలను ఉన్నట్టుండి పడగొడుతుంది. తెల్లకణాలు లేకపోతే మామూలు గొంతునొప్పి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే డాక్టర్ చీటీ మీద ఎర్ర ఇంకుతో రాశాడు, మూడు నెలల పాటు రెండు వారాలకోసారి సిబిసి చేయించాలని. సిబిసి అంటే రక్తకణాల లెక్క.

మొదటిసారి చీటీ పట్టుకుని ఒకాయన వచ్చాడు. నేను ఫోన్లో ఉన్నాను.

"పేరు?"

"సైదులు."

చెయ్యి చాపాడు. నరం నులక తాడంత ఉంది. కళ్లు మూసుకుని గుచ్చొచ్చు. తెల్లకణాలు ఎనిమిది వేలు. నాలుగు వేల పైన ఉంటే చాలు, కాబట్టి నిశ్చింతగా సంతకం పెట్టాను. రెండు వారాలకు మళ్లీ అదే నులక తాడు. మళ్లీ ఎనిమిది వేల దగ్గరే.

"ఎట్లున్నయి మేడమ్మా?" అని అడిగాడు.

"మంచిగున్నయి. నీకేం ఫికర్ లేదు."

"నాకేం ఫికరుంటది. నేను గట్టిగనే ఉంటి గదా," అని నవ్వి వెళ్లిపోయాడు. నేను నవ్వు విన్నానంతే. ముఖం చూడలేదు.

స్టెంట్ వేసి ఏడో వారం. ఒక మధ్యాహ్నం ఒకామె భర్తని రెక్క పట్టుకుని మెట్లెక్కించుకొచ్చింది. ఆమె పేరు యాదమ్మ.

"జర జల్ది చూడు బిడ్డా. మూడొద్దుల సంది జరం. నోరంత పుండ్లయినయి. నీళ్లు గుటక వడ్తలేవు."

చీటీ చూశాను. సైదులు. అటు అక్క ఏదో సినిమా కథ చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను. రబ్బరు పట్టీ కట్టి మోచేతి మడత మీద వేలు పెట్టాను. నులక తాడు లేదు.

ఇంకోసారి తడిమాను. సన్నటి నరం, వేలి కింద జారిపోతోంది. అప్పుడు చెయ్యి మొత్తం చూశాను. అక్కడక్కడా నీలం మచ్చలు. ఆ రెండు మందులూ వేసుకునేవాళ్లకి చిన్న దెబ్బకే అట్లా కములుతుంది. రెండో చెయ్యి కూడా చూశాను. కుడి చెయ్యి మాడి నల్లగా ఉంది, ఎడమది చామనఛాయ. ఏళ్ల తరబడి బస్సు కిటికీలో మోచెయ్యి ఆనించిన డ్రైవర్ చేతులు. అంతకుముందు రెండుసార్లు నాకు చాపిన చేతులు రెండూ ఒకటే నలుపు. అవి ఎండంతా ఒంటి మీద పడే మనిషివి.

"అక్కా, ఆగు," అని రిసీవర్ బల్ల మీద పెట్టాను. "నీ పేరేంది?"

"సైదులు," అన్నాడు ఆయన, బొంగురు గొంతుతో.

"మరి రెండుసార్లు వచ్చిన సైదులు ఎవరు?"

యాదమ్మ తలుపు వైపు చూసింది. మెట్ల దగ్గర, భుజం మీద గొంగడితో ఒకాయన నిలబడి ఉన్నాడు. సైదులు తమ్ముడు లింగయ్య. గొర్రెలు కాస్తాడు.

నా కోపం నషాళానికి ఎక్కింది. "బుద్ధుందా నీకు? ఎవరి రక్తం ఎవరి పేరు మీద ఇచ్చినవ్? ఇది ఆటనుకున్నవా?"

లింగయ్య జంకలేదు. "ఆటెందుకయితది మేడమ్మా? రక్తం పల్చవడెటందుకని మా అన్నకు గోలీలిచ్చిన్రు. ఉన్నదే పల్చగయితాంటె మల్ల మీరు సూదివెట్టి గుంజుకుంటిరి. ఆయినకేం మిగుల్తది? నాకు శాన ఉన్నది, నాది తీస్కోని అనుకున్న. ఒక్క తల్లి పాలు తాగినోళ్లం. రక్తం వేరుంటదా?"

"అన్నకు తెలుసా?"

"నాకు తెల్వది బిడ్డా," అన్నాడు సైదులు. "దవాఖాన్ల పని నేను జూస్కుంట, నువ్వు పండుకో అన్నడు. మంచిగున్నయని కాయితం తెచ్చిస్తె నమ్మిన."

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఎముకలో కణాలు తయారవుతాయనీ, మందు వాటిని ఆపుతుందనీ ఏదేదో చెబుతున్నాను. లింగయ్యకి ఒక్క ముక్కా ఎక్కడం లేదు. అప్పుడు సైదులు చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"లింగా, నీ మందల రోగమొచ్చి జీవాలు తక్కువయినయనుకో. ఎన్ని పోయినయో తెల్వాలంటె ఏం జేస్తవ్‌రా?"

"లెక్కవెడ్త."

"పక్కోని మంద లెక్కవెడ్తవా?"

లింగయ్య గోడకి ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

రక్తం తీశాను. కణాలు లెక్కపెట్టే గాజుపలక ఉంటుంది, దాని మీద సన్నటి గళ్లు గీసి ఉంటాయి. నాలుగు మూలల గళ్లలో ఎన్ని తెల్లకణాలున్నాయో లెక్కపెట్టి యాభైతో గుణిస్తే మొత్తం తెలుస్తుంది. లింగయ్య రక్తంలో నూట అరవై దాకా ఉండేవి. కన్ను ఆనించాను. ఎండ బాగా ఉంది. గళ్లు ఖాళీగా, వెలుగుతూ కనిపించాయి, తెల్లవారేసరికి జీవాలు లేచిపోయిన దొడ్డిలా. ఒక మూల ఐదు. ఇంకో మూల మూడు. మబ్బేమైనా అడ్డం వచ్చిందా అని తలెత్తి కిటికీలోకి చూశాను. ఆకాశం తేటగా ఉంది. మళ్లీ కలిపాను, మళ్లీ లెక్కపెట్టాను. పద్దెనిమిది. అంటే తొమ్మిది వందలు.

బల్ల మీది రిసీవర్లోంచి అక్క గొంతు సన్నగా వినబడుతోంది. తీసుకున్నాను.

"లైన్ పెట్టెయ్యలేదా?"

"ఎట్ల పెట్టేస్త? అంతా విన్న. ఏ దవాఖాన చెప్పు, కలుపుత."

చీటీ మీది నంబర్ చదివాను. మామూలు రోజుల్లో ఆ నంబర్ దొరకాలంటే సాయంత్రం అయ్యేది. అక్క నిమిషాల్లో గుండె డాక్టర్ని లైన్లోకి తెచ్చింది. లెక్క చెప్పాను.

"అంతకుముందు రెండు రిపోర్టులు ఎట్లా ఉన్నాయి?" అని అడిగాడాయన.

మంచిగున్నయి సార్, అంటే సరిపోయేది. కాగితాల మీద అదే ఉంది.

"అవి ఆయనవి కావు సార్. వేరే మనిషి రక్తం. నేను ముఖం చూడలేదు. తప్పు నాది."

డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు. "టిక్లోపిడిన్ ఇప్పుడే ఆపండి. ఆస్పిరిన్ ఆపొద్దు. మూతికి గుడ్డ కట్టి ఈ రోజే ఇక్కడికి పంపండి. బస్సులో వద్దు, జనంలో అసలే వద్దు."

సైదులు భయంగా చూశాడు. "గా గోలీ ఆపితె గుండెల వెట్టింది బందయితదన్నరు గదా బిడ్డా?"

అదే డాక్టర్ని అడిగాను. "మొదటి నెల గండం దాటాడు. ఆ సంగతి నేను చూసుకుంటాను. ఇప్పుడు ఈ జ్వరం విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు," అన్నాడు.

లింగయ్య లేచి వచ్చి, బల్ల మీద తన చెయ్యి చాపాడు. "నావి తీసి అన్నకెక్కియ్యి మేడమ్మా. ఎన్నంటె అన్ని." తెల్లకణాలు అట్లా ఎక్కించడం కుదరదని చెప్పాలి. అరవాలనిపించలేదు. ఆ నులక తాడు మీద చెయ్యి వేసి, "ఇయ్యాల వద్దు," అన్నాను. "జీపు మాట్లాడుకొని రాపో."

"బస్సు నడిపెటోనికి బస్సు వద్దంట," అని సైదులు నవ్వబోయాడు. పుండ్లు మండి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాతి రోజులు నాకు కలలాగే గుర్తున్నాయి. ఎవరి రక్తం చూసినా ఖాళీ గళ్లే కనిపించేవి. అక్క రోజూ దవాఖానకి ఫోన్ చేసి కనుక్కుని నాకు చెప్పేది. జ్వరం తగ్గలేదు. తగ్గలేదు. కొంచెం తగ్గింది. గంజి తాగిండంట. ఆ మాట విన్న రోజు రిసీవర్ పట్టుకునే ఏడ్చాను.

మూడు వారాలకి అన్నదమ్ములిద్దరూ మెట్లెక్కి వచ్చారు. ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు. సూది పక్కన పెట్టి, ఆయన ముఖంలోకి చూశాను. పలచటి మీసం. ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు. ఇంత మనిషిని నేను చీటీ మీది పేరుగానే చూశాను.

"పేరు?"

సైదులు నోరు తెరిచేలోపే తలుపు దగ్గర్నుంచి లింగయ్య అన్నాడు, "గాయినే సైదులు మేడమ్మా. నేను లింగయ్యను. జర మంచిగ చూస్కో."

ముగ్గురం నవ్వాం. యాదమ్మ ఇంటి దగ్గర ఉండిపోయిందిగానీ, ఇక్కడ ఉంటే ఆమే అందరికంటే గట్టిగా నవ్వేది.

ఆ రోజు నుంచి ఇప్పటిదాకా సూది పట్టుకునే ముందు ఫోన్ పెట్టేస్తాను, ముఖం చూస్తాను, పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను. లెక్క ఎంత సరిగ్గా ఉన్నా, అది ఎవరిదో తెలియకపోతే నేను సంతకం పెట్టిన అబద్ధమే. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. రక్తం ఎందుకు తీస్తున్నామో మేం చెప్పకపోతే, ప్రేమ ఉన్నవాళ్లు తమకు తోచిన కారణం వెతుక్కుంటారు.

గాజుపలక సిద్ధం చేశాక లింగయ్యని పిలిచాను. "రా, మీ అన్న మంద చూద్దువు."

ఒక కన్ను మూసి వంగాడు. ఎండ అద్దంలోంచి వచ్చి ఆయన కనురెప్ప మీద వణికింది. నేను మెల్లగా ఒక్కొక్క మూలకీ గాజుపలక జరుపుతుంటే, గొర్రెల్ని దొడ్లోంచి వదిలేటప్పుడు లెక్కపెట్టినట్టు, పెదాలు కదుపుతూ జతలు జతలుగా లెక్కపెట్టాడు.

"నలభై ఎన్మిది జతలు," అన్నాడు తలెత్తి.

నేను కన్ను ఆనించి లెక్కపెట్టాను. తొంభై ఆరు. అంటే నాలుగు వేల ఎనిమిది వందలు.