జీపులో కూర్చోబెట్టిన ఎస్సై

గాలి లేదు. అయినా తోట అంచున అరటాకులు ఒకదాని వెనక ఒకటి కదులుతూ నా వైపే వస్తున్నాయి. ఎవరో మనిషి తోసుకుని వస్తున్నాడని అర్థమైంది. కాలవ గట్టు మీద ఆపిన జీపులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒళ్ళో మా వాళ్ళ పర్సులు, వాచీలు, సీఐ గారి కళ్ళజోడు.

కంకిపాడు దాటాక లోపలికి దిగే మట్టిరోడ్డు అది. ఎక్కడన్నా గంజాయి దాచారని మా ఎక్సైజ్ స్టేషన్‌కు కబురు వస్తే అందరం మఫ్టీలో వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళను ఆడ ఉద్యోగే సోదా చేయాలన్నది నిబంధన. అందుకని నన్నూ తీసుకెళ్ళేవారు. లోపల ఆడమనిషి దొరికితే పిలుస్తారు, దొరక్కపోతే జీపే నా డ్యూటీ. తోటలోకి పరుగెత్తే ముందు అందరూ జేబులు ఖాళీ చేసి నా ఒళ్ళో పోసేవారు. "జాగ్రత్తండీ మేడమ్ గారూ" అంటూ హెడ్ కానిస్టేబుల్ గారు తన తువ్వాలు కూడా మడిచి పైన పెట్టేవారు. నాకు ఒళ్ళు మండేది గానీ, ఆ కోపం ఇంటిదాకా నిలిచేది కాదు. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆపి నా పిల్లల కోసం జామకాయలు కొనేదీ వాళ్ళే.

నన్నూ లోపలికి రానివ్వమని సీఐ గారిని అడుగుతూనే ఉండేదాన్ని. "ఇద్దరు పిల్లల తల్లివమ్మా. నీకేమన్నా అయితే మీ ఆయనకి నేనేం చెప్పను?" అనేవారు. తక్కినవాళ్ళు కూడా పిల్లల తండ్రులే. వాళ్ళనెవరూ ఆ మాట అడగలేదు. భయం నాకు లేదని కాదు, బోలెడంత ఉంది. కానీ ఇలాగే కూర్చుంటే, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం పేరుకే మిగిలిపోతుందని అంతకంటే పెద్ద దిగులు.

ఆకులు విడిపోయాయి. నడివయసు మనిషి. భుజాన గోనెసంచి, చేతిలో గెలలు కోసే కత్తి. రొప్పుతూ నన్ను చూసి ఆగాడు.

"మీ ఆయన లోపలికెళ్ళాడా అమ్మా?"

చీరలో ఉన్న నన్ను ఎవరో ఆఫీసరు గారి భార్య అనుకున్నాడు.

"మా ఆయన బ్యాంకులో ఉన్నాడు. ఎస్సైని నేనే. సంచి దించు" అన్నాను.

"భలేదానివేలే" అని నవ్వి, జీపుకీ కాలవకీ మధ్య ఇరుకులోంచి జారుకోబోయాడు. నేను లేచాను. ఒళ్ళో ఉన్నవన్నీ కింద పడి, గట్టు మీంచి దొర్లి కాలవలోకి పోయాయి. ఒక చేత్తో హారన్ నొక్కి పట్టి, రెండో చేత్తో సంచి మూతి దొరకబుచ్చుకున్నాను. అతను గుంజాడు. మూతికి కట్టిన తాడు నా అరచేతిని కోసేసింది. కత్తి ఎత్తాడు. వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ తెలియదు. ఇది రాస్తూ కూడా పక్కన నిద్రపోతున్న పిల్లల వైపు ఊరికే చూస్తున్నాను. ఈలోగా మా వాళ్ళ కేకలు దగ్గరయ్యాయి. సంచి వదిలేసి పరుగెత్తాడు గానీ, గట్టు మలుపులో దొరికిపోయాడు.

సీఐ గారు వస్తూనే నా చెయ్యి చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే కోపమొచ్చింది.

"చెప్పానా లేదా? రేపట్నుంచి ఆఫీసులోనే ఉండు తల్లీ!"

నేను భయపడింది ఈ మాటకే.

"లోపల మీరందరూ ఉన్నారు సార్. బయట నేనొక్కదాన్ని. పారిపోయేవాడు వచ్చేది రోడ్డు మీదకే కదండీ. మరి ప్రమాదం ఎవరికండీ?"

ఆయన కళ్ళజోడు కోసం చెయ్యి చాచారు.

"కాలవలో ఉందండీ."

"నా పర్సో?" అన్నారు హెడ్ గారు.

"అదీ అక్కడేనండీ."

హెడ్ గారు కాలవలోకి తొంగిచూశారు. "సార్, మేడమ్ గార్ని లోపలికి తీసికెళ్ళడమే మనకి చవక."

నా చేతికి గుడ్డ చుడుతున్న కానిస్టేబుల్ పగలబడి నవ్వాడు. సీఐ గారు నవ్వలేదు. స్టేషన్ దగ్గర దిగేటప్పుడు, నా వైపు చూడకుండా, "రేపు ఆటోనగర్‌లో ఒక గోడౌన్ చూడాలి. చీర కుదరదు. బూట్లు వేసుకుని మాతో లోపలికి రా" అన్నారు.

మెట్ల మీద జారిపడ్డానని పిల్లలకు చెబుదామని రాత్రంతా అనుకున్నాను. తెల్లారి ఇద్దరూ కట్టు చూసి బిక్కమొహాలు వేసుకుని ముందు నిలబడితే అబద్ధం నోట్లోంచి రాలేదు.

"దొంగ దగ్గర సంచి లాక్కుంటుంటే తెగింది. ఇవాళ కూడా వెళ్తున్నా. ఈసారి అందరితో కలిసి లోపలికి. నాకూ కొంచెం భయంగానే ఉంది. రావడం ఆలస్యమైతే ఏడవకండి, అన్నం తినేయండి" అన్నాను.

చిన్నవాడు తల ఊపాడు. కూతురు దువ్వెన పట్టుకుని నా చేతివైపు చూస్తూ నిలబడింది.

"మరి నాకు జడెవరేస్తారు?"

"మీ నాన్న వేస్తారు."

"నాన్నకి రాదు!"

"నాకూ మొదట్లో రాలేదు. కదలకుండా కూర్చుని ఎలా వేయాలో చెప్పు, వేస్తారు" అన్నాను.