తెంపని బీరకాయ

ఖాలా చనిపోయిందన్న కబురు నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఇక్కడ నల్లగొండలోనే ఒక పెళ్లికి వెళితే, ఒకప్పుడు జడ్చర్లలో నాతో కలిసి పనిచేసిన టీచరు బంతిలో నా పక్కనే కూర్చుంది. విస్తట్లో పప్పు పడుతుండగా, "నీ ఖాలా పోయింది గద, నీకు తెల్వదా?" అంది. రెండు రోజుల జ్వరమట, దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. నాకు అక్కడే కోపం వచ్చింది, ఎవరూ చెప్పలేదని. తర్వాత ఆలోచిస్తే, నాకు ఎవరు చెప్తారు? నేను ఆమెకు ఏమవుతానని?

ఖాలా అంటే ఉర్దూలో అమ్మ తోబుట్టువు, పెద్దమ్మయినా పిన్నయినా. నిజానికి అలా పిలవాల్సింది ఆమె చెల్లెలి కూతురొక్కతే. కానీ వీధి వీధంతా ఆమెను ఖాలా అనే పిలిచేది. పోస్ట్‌మ్యాన్, ఉప్పు బండాయన, చివరికి ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన పాలాయన కూడా.

ఎనభై అయిదులో ఉద్యోగం వచ్చి జడ్చర్ల వెళ్లినప్పుడు ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. అమ్మానాయినా లేరు. అన్నావదినలతో పడలేదు. ఎవరితో పడింది కనుక, నా నోరే అలాంటిది! ఖాలాకు భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఇంటి వెనక ఇంత జాగా, ఒక చేదబావి, సర్కారు తుమ్మ కర్రలతో వేసిన పందిరి. ఆ పందిరే ఆమె సంసారం.

చేరిన రెండో నెలలోనే తప్పు చేశాను. బీరపాదుకు ఆ ఏటి మొదటి పిందె పడింది. ఇంకా పువ్వు కొసకు అంటుకుని ఉంది, చిటికెన వేలంత కూడా లేదు. "ఖాలా, అగో పిందె!" అని వేలెత్తి చూపించాను. ఆమె చేతిలో చెంబు కింద పడేసి ఉరికొచ్చింది.

"అరె, వేలు చూపియ్యకు! కొరుక్కో, జల్ది కొరుక్కో ఆ వేలు!"

పిందెకు వేలు చూపిస్తే రాలిపోతుందని ఆమె నమ్మకం. చూపించాల్సి వస్తే వేలు మడిచి కణుపుతో చూపాలి. నేను కొరుక్కోలేదు. సైన్సు చెప్పే టీచర్ని, నేనెందుకు కొరుక్కుంటాను? మూడో రోజుకు పిందె పసుపు పచ్చబడి రాలింది. "పుప్పొడి అందక రాలింది ఖాలా. తేనెటీగ రాలేదు, అంతే" అని పాఠం చెప్పాను.

"ఎట్లొస్తది? నీ వేలు చూసి భయపడ్డది" అంది.

ఆ తర్వాత ఏడేళ్లు ఆ పందిరి కింద నేను వేలు మడిచే చూపించాను. ఇప్పటికీ ఏ చెట్టు దగ్గరైనా నా వేలు దానంతటదే మడుచుకుంటుంది.

మిరుగు కార్తెలో, జూన్ తొలివానలకు, విత్తనం పెట్టేది. ఆగస్టు వచ్చేసరికి తొలికాయ. దాన్ని ఒక్కతే తినేది కాదు, అది ఆమె పట్టుదల. తర్వాతి కాయలు వీధికంతా పంచేది, తనూ వండుకునేది. తొలికాయకు మాత్రం పక్కన ఇంకో మనిషి ఉండాలి. నేను రాకముందు ఎవరిని కూర్చోబెట్టుకునేదో తెలియదు. అడిగితే, "ఎవరో ఒకరు దొరుకుతుండె" అనేది, అటు తిరిగి. ఆ అటు తిరగడంలో ఏముందో నాకు ఆ వయసులో పట్టలేదు.

వండేముందు తొడిమ దగ్గర ఒక చక్రం కోసి రెండు చేసేది. ఒక సగం తన నోట్లో, ఇంకో సగం నా నోట్లో. బీరకాయ ఒక్కోసారి చేదు విషంలా ఉంటుంది, కూర పాడవకుండా ముందే చూడాలి. "నువ్వు చూస్తె చాలదా, నేనెందుకు?" అని మొండికేసేదాన్ని.

"చేదైతె నాకొక్కదానికేనా? తిను, తిను."

తర్వాత ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఇంత కొత్తిమీర. జొన్నరొట్టె. పొట్టు పారేయకుండా నువ్వులేసి రోట్లో నూరేది. ఒక్క కాయ, ఇద్దరం. ఎంతొస్తుంది? చెరో రెండు ముద్దలు. అంత రుచి మళ్లీ నా నాలుకకు తగల్లేదని ఒట్టేసి చెప్తాను.

బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఖాలాకు అదే గడియారం. పందిరి మీద పసుపు కనిపించగానే, నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూకు నీళ్లు తోడుకునేది. నేను స్కూలు నోట్సులు రాసుకుంటూ గడప మీద కూర్చునేదాన్ని. ఆమె నమాజు ముగించి వచ్చి పక్కన కూర్చునేది. బతుకమ్మ రోజుల్లో ఆడపిల్లలంతా ఆమె పెరటి గుమ్మడిపాదు పూలకు వాకిట్లో చేరేవాళ్లు. "మొగపూలే తెంపుండ్రి, కాయపువ్వు ముట్టిండ్రంటె ఊకోను!" అని అరుస్తూనే అందరికీ ఇచ్చేది. నాకోసం పెద్దది ఒకటి తడిగుడ్డలో దాచి ఉంచేది.

తర్వాత సొంత జిల్లా అని కోరి మరీ నల్లగొండకు బదిలీ చేయించుకున్నాను. సొంత జిల్లాలో నాకెవరున్నారో ఇప్పటికీ అర్థం కాదు. బస్టాండులో ఖాలా నా సంచి పట్టుకుని వదల్లేదు.

"తొలికాయకు రావాలె. నేనొక్కదాన్నే తిననని తెల్సు గద."

"వస్త ఖాలా, ఎట్ల రాకుంట!"

నాలుగేళ్లు వెళ్లాను. పిందె పడగానే వీధి చివరి టైలర్‌తో కార్డు రాయించేది. దేవరకొండలో ఒక బస్సు దిగి, కల్వకుర్తి మీదుగా ఇంకో బస్సులో చేరేసరికి కాయ కోయకుండా పాదు మీదే ఉండేది. పోయిన ఏడూ కార్డు వచ్చింది. ఈ ఆదివారం వస్తున్నానని జవాబు రాశాను. వెళ్లలేదు. పెద్ద వాన పడిందని ఇంకో కార్డు రాశాను. వాన పడలేదు. బద్ధకమేసింది, బట్టలుతుక్కుని పడుకున్నాను. "మల్లొచ్చే ఆదివారమైనా సరే" అని మళ్లీ కార్డొచ్చింది. దానికి జవాబే రాయలేదు.

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడే జడ్చర్ల వెళ్లాను. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె చెల్లెలి కూతురు ఉంటోంది. నన్ను చూసి, "టీచరమ్మ గదా నువ్వు?" అని లోపలికి పోయి ఒక ఎండిన బీరకాయ తెచ్చింది. మూరెడు పొడుగు, తొడిమకు ఎర్ర దారం. కదిలిస్తే లోపల విత్తనాలు గలగలమన్నాయి.

"పోయినేటిది. నీకోసమని తెంపనియ్యలే. నేను తెంపుత అంటె నా మీద గయ్యిమన్నది. 'టీచరమ్మ వస్తనన్నది, వస్తది' అన్నది. సూస్తుండంగనె ముదిరిపాయె. ఇగ విత్తనానికి పనికొస్తదని దారం కట్టింది."

"మిగతా కాయలో?"

"అన్ని పంచింది. ఒక్కటి వండుకోలే. తొలిది తినకుంట ఎనకయి ఎట్ల తింటరు అన్నది. జర మొండిది గద మా ఖాలా."

నా నోరు పెద్దదని చెప్పాను కదా, ఆ రోజు అది పనికి రాలేదు. వెనక్కి వెళ్లి చూస్తే పందిరి కర్రలు మాత్రం ఉన్నాయి. బస్సులో ఆ కాయను ఒళ్లో పెట్టుకుని దేవరకొండ దాకా ఏడ్చాను. ఒక ఏడాదంతా ఆమెకు బీరకాయ లేకుండా చేసింది నా బద్ధకం. ఆ అబద్ధపు వానను ఆమె నమ్మిందో లేదో అడిగే దారి కూడా లేదు.

మిరుగులో మూడు గింజలు పెట్టాను. ఇక్కడి ఉప్పునీళ్లకు రెండు మొలవలేదు, ఒకటి బతికింది; దానికి వాకిట్లో నాలుగు కర్రలతో పందిరి వేశాను. సాయంత్రాలు ఆ పూలు విచ్చుకుంటుంటే గడప మీద కూర్చుంటున్నాను. పిందె కనబడ్డ రోజు వేలు మడిచి చూపించాను, ఎవరికో.

ఈ ఆదివారం కాయ జానెడయింది. ఇంకో రెండు రోజులు ఆగితే ముదురుతుంది. ఒకరిని పిలుద్దామంటే అయిదేళ్లలో ఈ వీధిలో నేను సంపాదించుకున్న మనిషి లేదు. కోశాను. తొడిమ దగ్గర చక్రం తీసి రెండు చేశాను. ఒక సగం నమిలాను. చేదు లేదు ఖాలా, కమ్మగానే ఉంది. రెండో సగం పట్టుకుని వాకిలి దాకా వచ్చాను. ఎదురింటి తలుపు వేసి ఉంది. పందిరి మీద నిన్నటి పూలు ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ ముక్క తడారిపోయేదాకా నా చేతిలోనే ఉంది.