మూడు చెంచాల గంగ

మా ఆయన బనియన్ ఉతుకుతుంటే చంకల దగ్గర పసుపు మరక కనిపించింది. ఎంత రుద్దినా పోలేదు. సాయంత్రం మిల్లు నుంచి వచ్చాక చూస్తే కళ్లూ అదే రంగు. కామెర్లకు ఇస్లాపూర్‌లో ఆకుపసరు పోస్తారంటే తీసుకుపోయాను. రెండు నెలలు అలా తగలేశాం. తాగుడు అలవాటే లేని మనిషి. అయినా చూడవచ్చిన ప్రతివాడూ ఎంత తాగేవాడని అడిగేవాడే. ఒళ్లు మండిపోయేది.

కడుపు ఉబ్బి, మాట తడబడ్డాక నాందేడ్‌లో ఆసుపత్రిలో చేర్చాం. లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్ అన్నారు. కడుపులో నీరు పైకి నొక్కి ఊపిరి ఆడనివ్వడం లేదని, లివర్ కోమాలోకి జారుతున్నాడని డాక్టర్ చెప్పాడు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పరీక్ష అప్పట్లో అక్కడ లేదు. కళ్లతోనే కనిపెట్టాలి. వార్డు సిస్టర్ మా దెగ్లూరు వైపు మనిషి. మంచానికి తలవైపు ఇటుకలు పెట్టించి, ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టి, ఆయన చెయ్యి నా చేతికిచ్చింది.

"అక్కా, గోర్లు సూస్తుండు. నీలంగైతె నన్ను పిలువు. సాపుగ పండవెట్టకు. నోట్లె సుక్క గూడ పొయ్యకు, ఆయనకు మింగుడు తెల్వది."

నాలుగు రోజులు ఆ గోళ్లే చూశాను. తింటూ కూడా చూశాను. సిస్టర్ రెండు గంటలకోసారి ఆయన్ను పక్కకు తిప్పేది, గొంతులో తెమడ మిషన్‌తో లాగేది. ఐదో రోజు పొద్దున గోళ్లు కాస్త ఎర్రబడ్డాయి. ఆయన నన్ను గుర్తుపట్టాడు, మగత మాత్రం పూర్తిగా వదల్లేదు.

ఆ రోజే మర్ఖేల్ నుంచి అత్త వచ్చింది. బస్సు దిగి నేరుగా గోదావరికి పోయి చెంబు నింపుకొచ్చింది. మేం గోదావరిని గంగ అనే అంటాం. పోయేవాళ్ల నోట్లో ఆ నీళ్లు మూడు చెంచాలు పడాలి. ముక్కులో గొట్టం చూడగానే కొడుకు పోతున్నాడనే అనుకుంది. అంతదాకా రాలేదని చెప్పినా వినలేదు.

"గంగ నోట్లె వడకుంట పోతె నా కొడుకు యాడ తిరుగుతడే?" అని ఏడ్చింది.

సిస్టర్ వేరే మంచం దగ్గర ఉంది. వద్దంటుందని తెలిసే పిలవలేదు. అత్త చెంబు పట్టుకుంటే చెంచా నేనే తీసుకున్నాను. మొదటి చెంచాకే ఆయన గొంతు గురగురమంది. అయినా ఆగలేదు, మూడూ పోశాను.

నా కళ్ల ముందే గోళ్లు నీలమయ్యాయి. సిస్టర్ పరుగున వచ్చి పక్కకు తిప్పి మిషన్ పెట్టింది. తిట్టలేదు. "నోట్లె పోస్తున్ననుకున్నవక్కా. ఊపిర్లకు పోయింది" అంది. న్యుమోనియా అన్నారు. మూడో రోజు ఆయన పోయాడు.

లివర్ అప్పటికే చెడిందని, నీళ్లు పోయకపోయినా బతికేవాడని చెప్పలేమని డాక్టర్ అన్నాడు. ఆ మాట పట్టుకుని బతుకుదామని చూశాను. కుదరలేదు.

ఇప్పుడు అత్తా నేనూ ఒకే గదిలో ఉంటాం. మిల్లు వాళ్లకు జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. చెంచా ఎవరు పట్టారన్న మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. ఆ చెంబు మాత్రం మూలన బోర్లించి ఉంది.

చదివేవారికి ఒకటే చెబుతాను. మీ మనిషికి తెలివి సరిగ్గా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. మనసు ఆగకపోతే సిస్టర్‌ను పిలిచి అడిగి, వేలు తడిపి నుదుటికి రాయండి. గంగ ఏమీ అనుకోదు.