పిల్లి పాసు చేసిన సబ్బు

వట్లూరులో వరమ్మ సబ్బు కాచిందంటే కాస్టిక్ సోడా ఘాటుకు వీధంతా తుమ్ముతుంది. తేడా వచ్చిన సబ్బును పారేయడం ఆవిడకు చేతకాదు. కొంగు బిగించి, తురుముపీట మీద తురిమి, మళ్లీ కాస్తుంది. ఈసారి కొబ్బరినూనె అనుకుని, కొర్రమీను వేయించిన నూనె పోసేసింది. ఆ సబ్బుతో స్నానం చేసిన మొగుడు దేవదానం వెంట వీధి పిల్లులన్నీ చర్చి దాకా నడిచాయి.

"నా పాట కంటే వాటి పాటే బాగుందన్నారే పాస్టరుగారు," అన్నాడాయన ఇంటికొచ్చి.

"మీ పాట సంగతి ఊరందరికీ తెలిసిందేలెండి," అంది వరమ్మ. ఆవిడ దిగులల్లా వచ్చే ఆదివారం గురించే. మహిళా సమాజంలో అందరికీ తన సబ్బులే పంచుతానని ముందే గొప్పలు పోయింది. మళ్లీ తురిమి, నిమ్మగడ్డి నూనె, కర్పూరం దట్టించి కాచింది. ఆరిన బిళ్లను గండుపిల్లి ముందు పెట్టి, ఊపిరి బిగబట్టి చూసింది. అది వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

"ఏవండీ, పాసయింది. ఇక మీరు స్నానానికి వెళ్లండి."