బోడి బిళ్ళలు

ఆమె కంటపడితే తప్పు తప్పించుకోలేదని ఫ్యాక్టరీలో పేరు. అందుకే అందరూ డేగక్క అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బెల్టు పక్కన, ఒకే స్టూలు మీద కూర్చుని, తన ముందునుంచి కదిలిపోయే తీపి బిళ్ళలను చూస్తూ ఉంది. అరచేతి వెడల్పు బిళ్ళ. రెండు పొరల మైదా మధ్య ఎర్రటి జాము, పైన తెల్లటి పంచదార పూత, పూత మీద రంగు చుక్కలు. కొనుక్కున్నవాళ్ళు పొద్దున్నే టోస్టరులో పడేసి, అది టప్పుమని ఎగరగానే చేతిలో పట్టుకుని పనికి పరిగెడతారు. పొయ్యి వెలిగించే తీరిక లేనివాళ్ళ కోసం చేసిన సరుకు అది. దాన్ని తయారుచేసేవాళ్ళకూ ఆ తీరిక లేదు కనుక వాళ్ళ ఇళ్ళలోనూ పొద్దుటి తిండి అదే.

పూత పూసే యంత్రం గొట్టాలు అప్పుడప్పుడూ మూసుకుపోతాయి. అప్పుడు ఒక వరస బిళ్ళలు పూత లేకుండా, గుండు కొట్టించుకున్నట్టు బయటికొస్తాయి. వాటిని బోడివి అంటారు. బోడివీ, విరిగినవీ ఏరి నీలం తొట్టిలో వెయ్యడం, పెట్టెల మీద అచ్చు సరిచూడడం డేగక్క పని. శనివారం షిఫ్టు దిగేటప్పుడు ఆ తొట్టిలోంచి తలా ఒక సంచీ ఇంటికి తీసుకెళ్ళనిస్తారు. ఆ సంచీ మీద ఏ అచ్చూ ఉండదు.

ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఇరవైరెండేళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదని డిపోలో అతని ఫోటో గోడకెక్కించారు. కిందటేడు అదే డిపోలో రక్తపరీక్ష చేసి, షుగరుందన్నారు. మూడు నెలల సగటు చూపించే పరీక్షలో ఎనిమిదీ పాయింటు నాలుగు వచ్చింది. "పది దాటితే స్టీరింగు ముట్టుకోనివ్వం" అని డాక్టరు నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పినవి మరింత గుచ్చుకుంటాయి.

ఆ రోజునుంచి డేగక్క నడుం బిగించింది. టీలో పంచదార మానిపించింది. పొద్దున్నే నాలుగు వీధులు నడిపించింది. ఇక బిళ్ళల సంగతి. అవి మానిపిస్తే అయిదింటికి డ్యూటీ ఎక్కే మనిషి ఏం తింటాడు? పూత ఉన్నవి ముట్టుకోనివ్వకుండా, బోడివి మాత్రమే పెట్టడం మొదలుపెట్టింది. పైనున్న పంచదార లేనప్పుడు ఇక తీపి ఎక్కడిది? శనివారం శనివారం తొట్టి దగ్గర నిలబడి, తన వంతుకొచ్చిన విరిగిన పూతవి ఇచ్చేసి, మిగతావాళ్ళ వంతు బోడివి అడిగి తీసుకునేది. ఇదివరకు రోజుకొకటి తినే మొగుడికి ఇప్పుడు డబ్బాలో నాలుగు సర్దేది. పథ్యం తిండి కదా, కడుపు నిండా తిననీ అనుకుంది.

ఆరు నెలలకి చూపిస్తే తొమ్మిదీ పాయింటు మూడు.

బెల్టుకి అవతలి వైపు కూర్చునేది అతని చెల్లెలు. వదినని దెప్పడానికే పుట్టినట్టుంటుంది.

"వదినా, మా అన్నకి గుండు బిళ్ళలు పెట్టి పెట్టి మనిషిని కూడా గుండులా చేశావు. నిన్న చూశాను, చొక్కా గుండీలు పట్టట్లేదు."

"నా పథ్యం వల్ల కాదు. మీ అన్న ఎక్కడో దొంగతిండి తింటున్నాడు."

"మా అన్నా? చిన్నప్పుడు డబ్బాలో ఆఖరి బిస్కెట్టు కూడా నాకే వదిలేసేవాడే!"

"అప్పుడు వదిలేసినవే ఇప్పుడు వెతుక్కుని తింటున్నాడేమో."

నవ్వుకున్నారు కాని డేగక్కకి లోపల నిప్పు రాజుకుంది. ఇంటికెళ్ళగానే మొగుడి చేతులు వాసన చూసేది. జేబులు తిరగేసేది. టెర్మినల్ దగ్గర టీ కొట్టువాణ్ణి నిలదీసింది. చివరికి బయట క్లినిక్‌లో పరీక్ష చేయిస్తే పదీ పాయింటు రెండు. డిపో పరీక్షకి ఇంకా మూడు వారాలు కూడా లేదు. ఆ సాయంత్రమే చొక్కా జేబులో ఒక రంగు చుక్క దొరికింది. ఆవగింజంత ఎర్ర చుక్క.

"ఇదేమిటయ్యా?"

"నీ ఏప్రాను, నా చొక్కా కలిపి ఉతికావు కదే."

"ఎంత బాగా అల్లావు!"

"ఒట్టు. నువ్వు పెట్టింది తప్ప నోట్లో వేసుకోలేదు."

"నా ముందు ఒట్లు పెట్టకు. నా కళ్ళకి తప్పు దొరక్కుండా పోదు."

ఆ రోజునుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. డబ్బా మాత్రం రోజూ నిండుతూనే ఉంది.

ఆ వారమే కంపెనీ కొత్త రకం మొదలుపెట్టింది. పూత లేని బిళ్ళ. ఇన్నాళ్ళూ తొట్టిలో పారేసినదాన్నే ఇప్పుడు కావాలని చేసి, ఆకుపచ్చ పెట్టెలో పెట్టి, మీద పెద్ద అక్షరాలతో 'పూత లేదు' అని రాసి, పక్కన ఒక ఆకు బొమ్మ, కింద పెద్ద పండు బొమ్మ వేశారు. మొదటి రోజు పెట్టెల అచ్చు చూసే పని డేగక్కకే ఇచ్చారు. ఆ పనిలో ఆమెని మించినవాళ్ళు లేరు. నమూనా పెట్టె ఎడమ చేతిలో, వచ్చిన పెట్టె కుడి చేతిలో. అంకె అరిగిందా, గీత వంకరపోయిందా, రంగు పక్కకి జారిందా? అంతే. పంతొమ్మిదేళ్ళుగా పెట్టెల మీది పోషకాల పట్టీని రోజుకి వందలసార్లు చూసింది. ఒక్కసారీ చదవలేదు. చదవడం ఆమె పని కాదు, ఎవరూ చదవమననూ లేదు.

ఆ రోజు ఒకటి ఎక్కువ జరిగింది. పాత రకం పెట్టె ఒకటి బల్ల మీద మిగిలిపోయింది. దాన్ని తీసేస్తూ యథాలాపంగా రెండు పట్టీలనీ పక్కపక్కన చూసింది. బిళ్ళకి పిండిపదార్థాలు: పూత ఉన్నదానిలో ముప్ఫై ఏడు గ్రాములు, పూత లేనిదానిలోనూ ముప్ఫై ఏడు. కేలరీలు పూత ఉన్నదానిలో నూట తొంభై అయిదు, లేనిదానిలో రెండు వందలు.

ఆమెకి కోపం వచ్చింది, ఆనందమూ కలిగింది. ఇంత పెద్ద తప్పు! పాత పట్టీనే ఎవడో కొత్త పెట్టె మీద కొట్టేశాడు, అదీ తప్పుతో. నమూనాలోనే తప్పుంది. చెయ్యి చాచి ఎర్ర మీట నొక్కింది. బెల్టు ఆగిపోయింది. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైతే ఎవరో దగ్గిన చప్పుడు ఈ చివరికి వినిపించింది.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే ల్యాబునుంచి గ్రాముల మాస్టారు వచ్చాడు. పెళ్ళాం ఎలా ఉందంటే కూడా గ్రాముల్లో చెప్పే రకమని అతనికి ఆ పేరు. పెట్టెలు రెండూ చూశాడు.

"తప్పెక్కడుందమ్మా?"

"పూత లేనిదానికి పూత ఉన్నదాని లెక్క వేశారు సార్. పైపెచ్చు అయిదు కేలరీలు ఎక్కువ. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది."

"అచ్చు సరిగ్గానే ఉంది. పూత తీసేస్తే బరువు తగ్గుతుంది కదా. ఆ బరువుకి సరిపడా మైదా, నూనె పెంచాం."

"మరి పంచదార?"

"పదహారునుంచి పదమూడుకి తగ్గింది. పూతలో ఉండేది కొంచెమే. మిగతాదంతా జాములో, పిండిలో ఉంటుంది. పంచదార ఒక్కటే చూస్తే ఎలా? మైదా కడుపులోకి వెళ్ళాక అదీ చక్కెరే అవుతుంది. ఆపడానికి ఇందులో పీచు ఒక్క గ్రాము కూడా లేదు."

"పండుందిగా సార్? బొమ్మ ఇంత పెద్దది వేశారు!"

"రెండు శాతం లోపు."

డేగక్క తొట్టి వైపు చూపించింది. "అవి? మా బోడివి? వాటికి పిండి పెంచలేదుగా?"

మాస్టారు ఒక బోడి బిళ్ళ తీసి తూకం మీద పెట్టాడు. నలభై అయిదు గ్రాములు. పూత ఉన్నది యాభై. "పోయింది అయిదు గ్రాముల పూత. దీనిలో పిండిపదార్థాలు ఎంత లేదన్నా ముప్ఫై మూడు. ఎన్ని తింటారు?"

ఆమె నాలుగు వేళ్ళు చూపించింది.

"రోజుకా?" మాస్టారు కళ్ళజోడు తీశాడు. ఆ మనిషి కళ్ళజోడు తియ్యడం ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు. "నూట ముప్ఫై రెండు గ్రాములు. చెంచాకి నాలుగు గ్రాముల లెక్కన ముప్ఫై మూడు చెంచాలు. ఒక్క రోజుకే!"

ముప్ఫై మూడు చెంచాలు. టీలో ఒక్క చెంచా వేస్తున్నాడని సంవత్సరం కిందట ఆమె పంచదార డబ్బా అటక మీద దాచింది. అప్పుడతను తిన్నది రోజుకొక బిళ్ళ. ఆమె కాపాడబోయి నాలుగు చేసింది. స్టూలు మీద కూలబడింది. ఎదురుగా ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"పదకొండు నిమిషాలు బెల్టు ఆపావు" అన్నాడు సూపర్‌వైజరు. "అచ్చు సరిగ్గా ఉందని ముద్ర వెయ్యి."

నిజానికి సరిగ్గానే ఉంది. అంకెలు నిజం, గీతలు తిన్నగా ఉన్నాయి, ఆకు బొమ్మ పచ్చగా ఉంది. తనలాంటి ఎంతమంది ఆడవాళ్ళు ఆ ఆకుని చూసి ఇది పథ్యం తిండి అనుకుంటారో! ఆ మాటకి పట్టీలో చోటు లేదు. ముద్ర వేసింది.

మధ్యాహ్నం సెలవు అడిగి, ఏప్రాను కూడా విప్పకుండా టెర్మినల్‌కి వెళ్ళింది. ఆగి ఉన్న బస్సులో, డ్రైవరు సీట్లో, మొగుడు డబ్బా మూత తీస్తున్నాడు. పొద్దున తినగా మిగిలిన ఒక బోడి బిళ్ళ ఉంది. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి అది లాక్కుంది.

"ఇప్పుడేం చేశానే?" అన్నాడతను. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట అదే.

ఆమె అంతా చెప్పింది. ముప్ఫై మూడు చెంచాల లెక్క వేళ్ళ మీద వేసి చూపించింది. అతను ఖాళీ డబ్బాకి మూత పెట్టేశాడు.

"అయితే నేను దొంగతిండి తినలేదు" అన్నాడు.

"తినలేదు. నేనే పెట్టాను."

"ఆ మాట చెల్లి ముందు ఒకసారి చెప్పు."

"దాని ముందే బయటపడింది. ఇంక చెప్పేదేముంది?"

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "రెండు వారాలుంది. పది లోపుకి వస్తుందంటావా?"

మూడు నెలల సగటు రెండు వారాల్లో ఎంత దిగుతుంది? ఆ రోజునుంచి డబ్బాలో ఉడకబెట్టిన గుడ్లు, కూరముక్కలు పెట్టింది. వాటికోసం నాలుగింటికి లేచింది. డిపో పరీక్షలో పదీ పాయింటు ఒకటి వచ్చింది. పది దాటింది పాయింటు ఒకటే. డాక్టరు ఈసారి నవ్వలేదు. మూడు నెలలు బండి ఎక్కవద్దని, తర్వాత మళ్ళీ చూద్దామని రాశాడు. ఇప్పుడతను ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులూ సంచులూ దాచే గదిలో కూర్చుని కాపలా కాస్తున్నాడు. ఎదురుగోడ మీద తన ఫోటోనే ఉంది.

కొత్త రకం బాగా పోతోందని ఇంకో బెల్టు వేశారు. దాని పక్కన డేగక్కని కూర్చోబెట్టారు. వరసల కొద్దీ బోడి బిళ్ళలు వస్తూనే ఉంటాయి. పాత అలవాటుకి ఏరెయ్యాలని చెయ్యి ముందుకెళ్ళి గాలిలో ఆగిపోతుంది.

"ఏం వదినా, ఏమైనా తప్పు కనిపించిందా?" అంటుంది ఆడపడుచు. ఈ మధ్య ఆమె గొంతు మెత్తబడింది.

"లేదు" అంటుంది డేగక్క. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి."